పొగ తర్వాత తీపి

ఆల్థాన్, సూరత్
నవంబర్ 18, 2024

బాబాయీ,

ముందు కుర్చీలో గట్టిగా కూర్చో. నాకు వాసన వచ్చింది!

ఫోన్ చేద్దామని చేతిలోకి తీసుకున్నాను. కానీ ఓడల ఇంజన్ రూముల్లో సర్వీసంతా గడిపిన నీ చెవులకి వినబడాలంటే నేను అరవాలి. గుజరాత్‌లో, అపార్ట్‌మెంట్ బాల్కనీలో నిలబడి "విస్కీ బాబాయీ, విస్కీ!" అని అరిస్తే కింద వాచ్‌మన్ దగ్గర్నుంచి సొసైటీ సెక్రటరీ దాకా అందరికీ వినబడుతుంది, ఒక్క నీకు తప్ప. అందుకే ఈ ఉత్తరం.

అవును, విస్కీయే. కళ్లజోడు తుడుచుకోనక్కర్లేదు.

జూలైలో జ్వరం వచ్చి తగ్గాక నా ముక్కు పూర్తిగా పోయిందని రాశాను కదా. ఇంకెవరికైనా ముక్కు పోతే కూరలో రుచి పోతుంది, నాకు ఉద్యోగమే పోయేలా ఉంది. "మా మధు వాసన చూసి జీతం తెచ్చుకుంటుంది" అని నువ్వు వాల్తేరంతా చెప్పుకుని తిరిగావు. పైపుల్లో వచ్చే గ్యాస్‌కి తనకంటూ వాసన ఉండదు. లీకైతే జనానికి తెలియాలని మేమే చెడిపోయిన ఉల్లిపాయలాంటి ఒక కంపు కలుపుతాం. ఆ కంపు వీధి చివరి ఇంటి దాకా సరిపడా చేరుతోందా అని స్వయంగా ముక్కు పెట్టి చూసేది మా ఆఫీసులో ముగ్గురం. వాసన తెలియడం లేదని గ్రహించిన రోజే మేనేజర్‌కి చెప్పేశాను. దాచిపెడితే ఎవరి కొంపో అంటుకుంటుంది. ఆయన మంచివాడే, కానీ నన్ను తెచ్చి ఫిర్యాదుల కౌంటర్‌లో కూర్చోబెట్టాడు. ఫిబ్రవరిలో పరీక్ష పెడతారు. గట్టెక్కితే నా పని నాకొస్తుంది. లేకపోతే ఆ సీటు వేరేవాళ్లది, నేను రిటైరయ్యే దాకా "మీ కంప్లైంట్ నంబర్ చెప్పండి" అంటూ కూర్చోవాలి.

మొన్న శనివారం మీ అల్లుడు వంశీ వాళ్ల హజీరా ప్లాంట్‌లో ఒకాయన బదిలీ మీద వెళ్తుంటే డామన్‌లో పార్టీ ఇచ్చారు. ఇక్కడ మద్యనిషేధం, సరిహద్దు దాటితే లేదు కాబట్టి సూరత్ వాళ్ల వీడ్కోళ్లన్నీ డామన్‌లోనే జరుగుతాయి. నేను నిమ్మకాయ సోడా పట్టుకుని ఓ మూల కూర్చున్నాను. వంశీ నా ముందు నుంచి ఎవరికో గ్లాసు అందించాడు. అంతే బాబాయీ, పొగ! "ఎవరు సిగరెట్ కాలుస్తున్నారు?" అని అడిగాను. ఎవరూ కాల్చడం లేదు. ఆ పొగ వెంట పోలీసు కుక్కలా వెళ్లి ఆ పెద్దమనిషి చేతిలోంచి గ్లాసు లాక్కున్నాను. పాపం ఆయన బదిలీ మనిషే.

ఒక గుక్క తాగాను. ముందు నోరంతా మంట. తర్వాత పొగ, తడిసిన తాళ్లు, ఆస్పత్రి వరండా. ఇక అయిపోయిందనుకున్నాక గొంతు వెనక నుంచి మెల్లిగా తీపి వచ్చింది, బెల్లం పాకం కాస్త ముదిరినప్పటి తీపి. అక్కడే ఏడ్చేశాను. వంశీ పరిగెత్తుకొచ్చి "అంత ఘాటుగా ఉందా?" అన్నాడు.

అది స్కాట్లాండ్‌లో ఒక దీవిలో చేసిన విస్కీ అట, పేరు నాకు నోరు తిరగలేదు. కానీ ఆ వాసన నాకు బాగా తెలుసు బాబాయీ. సెలవుల్లో మీ ఇంటికొచ్చినప్పుడు నీ మందుల అలమారాలో దశమూలారిష్టం సీసా మూత తీసి చూసి పిన్ని చేత చీవాట్లు తిన్నాను. అచ్చం అదే వాసన. ఇప్పుడైనా నిజం చెప్పు, ఆ సీసాలో ఏముండేది?

నీ మధు

పెద వాల్తేరు, విశాఖపట్నం
నవంబర్ 26

మధూ,

దొరికిపోయాను.

అరిష్టం నిజంగానే కొన్నాను, ఒక్కసారి. అది ఖాళీ అయ్యాక ఆ సీసా నాకు చాలా ఏళ్లు సేవ చేసింది. స్కాట్లాండ్‌లో గ్రీనాక్ రేవులో మా ఓడ మరమ్మతుకి ఆగినప్పుడు ఒక ముసలి ఫోర్‌మన్ నాకీ రుచి అంటించాడు. మీ పిన్ని ఇంట్లో ఉల్లిపాయ కూడా వారం చూసుకుని కోసే మనిషి. ఇంకే విస్కీ అయినా వాసనతో పట్టుబడేది, ఇది మాత్రం మందులాగే ఉంటుంది కనుక బతికిపోయాను. ఒకసారి మోకాళ్లకి రాసుకుంది కూడా. నొప్పి తగ్గిందని పక్కింటావిడకి చెప్పింది!

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నిన్న రాత్రి నిద్రపడితే ఒట్టు. ముక్కు పూర్తిగా పోలేదే పిచ్చిపిల్లా, పడుకుంది. ఇప్పుడు దాన్ని తట్టి లేపాలి.

నువ్వు పసిగట్టిన పొగ ఎక్కడిదో చెప్తాను విను. ఆ దీవిలో చెట్లు తక్కువ. బురద నేలలో గడ్డీ నాచూ వేల ఏళ్లు కుళ్లి గట్టిపడిన నల్లమట్టిని ఇటుకల్లా కోసి ఎండబెడతారు, పీట్ అంటారు. మొలకెత్తిన బార్లీని దాని పొగ మీద ఆరబెడతారు. ఆ పొగ గింజలోకి దూరిందంటే మళ్లీ వదలదు. చివర్లో వచ్చిన తీపి పీపాది. ఇంతకు ముందు తియ్యని ద్రాక్షసారా నిలవ ఉంచిన పీపాలో ఈ విస్కీని కొన్నేళ్లు పడుకోబెడతారు. తొందరపడి మింగేసేవాడికి పొగే మిగులుతుంది. ఆగినవాడికే ఆ తీపి.

మళ్లీ వెళ్లు. ఈసారి ముక్కు గ్లాసులో ముంచకు, కాస్త దూరంగా పట్టుకో. నోరు కొంచెం తెరిచి వాసన చూడు. తర్వాత నాలుగు చుక్కలు నీళ్లు వేసి మళ్లీ చూడు. ఇంట్లో రోజూ పొద్దున్న లవంగాలు, నిమ్మతొక్క, కాఫీ పొడి, కర్పూరం ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకో. ముందు దాని పేరు మనసులో గట్టిగా తలుచుకో, వాసన వెనకాల నడిచొస్తుంది.

నేను తాగి మూడేళ్లయింది. డాక్టర్ వద్దన్నాడు. కాబట్టి నా వాటా కూడా నువ్వే తాగి, ఏం తెలిసిందో పొల్లు పోకుండా రాయి.

బాబాయి

ఆల్థాన్, సూరత్
డిసెంబర్ 16

బాబాయీ,

నాలుగు చుక్కల నీళ్లు! ఇంతకాలం ఈ రహస్యం ఎందుకు దాచావు? నీళ్లు పడగానే పొగ పక్కకి తప్పుకుని వెనకాల ఉన్నవాళ్లందరికీ దారిచ్చింది. ఎండు ద్రాక్ష వచ్చింది. నారింజ తొక్క వచ్చింది. ఇంకేదో ఉంది, పేరు దొరక్క పావుగంట కొట్టుకుపోయాను. చివరికి దొరికింది: కొత్త పుస్తకం అట్ట!

ఇంట్లో లవంగం వచ్చింది. నిమ్మ సగం. కాఫీ ఇంకా మొండికేస్తోంది. నిన్న సాయంత్రం తాపీ నది ఒడ్డున పొంకు తిన్నాం. చలికాలంలో లేత జొన్నకంకుల్ని నిప్పుల మీద కాల్చి, గింజలు రాల్చి వేడివేడిగా ఇస్తారు. నోట్లో వేసుకోగానే ఎగిరి గంతేశాను. ముందు పొగ, తర్వాత పాలతీపి! సూరత్ వాళ్లు మన స్కాట్లాండ్ దీవిని బండి మీద పెట్టి అమ్ముతున్నారు బాబాయీ.

ఆఫీసు సంగతి మాత్రం అంత బాగాలేదు. మొన్న తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే లింబాయత్ పేట నుంచి లింగవ్వ అనే ఆవిడ కౌంటర్‌కి వచ్చింది. ఆవిడ భర్త మగ్గాల మీద పనిచేస్తాడు. నేను తెలుగులో పలకరించగానే అందుకుంది. "ఇంట్ల గ్యాస్ కంపు వస్తున్నదమ్మా. మా ఆయన లేదంటడు, పక్కింటామె లేదంటది. నాకొక్కదానికే వస్తున్నదా ఏంది? జర నువ్వొచ్చి చూడరాదు" అంది. నేను రాలేనన్నాను. వెళ్లినా నాకేం తెలుస్తుంది? వెంటనే మనుషుల్ని పంపాను. పైపు జాయింట్ వదులైందట, బిగించి వచ్చారు. ఆవిడ ముక్కు నిజం చెప్పింది. ఆ రోజు ఇంటికొచ్చాక అన్నం తినబుద్ధి కాలేదు. నా పని నాక్కావాలి బాబాయీ.

అందుకే ఒక ఉపాయం పన్నాను. డామన్‌లో రుమాలు మీద విస్కీ ఒలకబోసి, స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించి తెచ్చాను. సరిహద్దు చెక్‌పోస్ట్ దగ్గర కానిస్టేబుల్ "ఇందులో ఏముంది?" అన్నాడు. "రుమాలు" అన్నాను. మూత తీసి చూసి, మొహం చిట్లించి, "జలుబా?" అని ఇచ్చేశాడు. చూశావా, నీ మందు ఇక్కడా మందులాగే బతికిపోయింది.

ఇంట్లో అలాంటిదే ఇంకో డబ్బాలో మామూలు నీళ్లలో తడిపిన రుమాలు పెట్టాను. వంశీ రెండూ తారుమారు చేసి నా ముందు పెడతాడు. కళ్లు మూసుకుని ఏది ఏదో చెప్పాలి. వాసన నిజంగా వస్తోందా, వచ్చిందని నేను మురిసిపోతున్నానా అన్నది అలా తేలుతుంది. పదిసార్లు చూస్తే తొమ్మిదిసార్లు కరెక్ట్!

విస్కీ డబ్బా నీకు పంపిస్తున్నాను. తాగొద్దన్నాడు గానీ వాసన చూడొద్దని డాక్టర్ అనలేదుగా. మేం ఆదివారం వెళ్లి ఇంకోటి చేసుకుంటాం. వంశీ ఇప్పుడే పోస్టాఫీసుకి బయల్దేరుతున్నాడు.

నీ శిష్యురాలు

పెద వాల్తేరు
డిసెంబర్ 24

మధూ,

డబ్బా అందింది. మీ పిన్ని గుడికి వెళ్లేదాకా ఆగి, గది తలుపేసుకుని మూత తీశాను.

ఏం చెప్పను! మూత తీయగానే గుప్పున పొగ. గ్రీనాక్ రేవు, తడిసిన తాళ్లు, ఉప్పుగాలి అన్నీ గదిలోకి వచ్చేశాయి. కాసేపటికి నువ్వు చెప్పిన నారింజ తొక్క, ఎండు ద్రాక్ష. ఆఖర్న ఆ ముదురు పాకం. మూడేళ్ల తర్వాత పాత స్నేహితుడు తలుపు కొట్టినట్టుంది. రుమాలు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను.

కాఫీ గురించి బెంగ పెట్టుకోకు. అది గర్విష్ఠి, ఆలస్యంగానే వస్తుంది. పరీక్ష నాడు నువ్వు గెలుస్తావు, నాకు అనుమానం లేదు.

బాబాయి

ఆల్థాన్, సూరత్
జనవరి 6, 2025

బాబాయీ,

ఈ ఉత్తరం మొదలుపెట్టి రెండుసార్లు చింపేశాను. తిప్పి రాయడం నాకు చేతకాదు, ఉన్నదున్నట్టు రాసేస్తున్నాను.

అనుకున్న ఆదివారం కుదరక, నిన్న డామన్ వెళ్లే ముందు ఇంట్లో మిగిలిన డబ్బా కడుగుదామని మూత తీశాను. గుప్పుమని పొగ కొట్టింది. వంశీ తారుమారు చేసీ చేసీ తనే తికమకపడి, నీళ్ల రుమాలున్న డబ్బా నీకు పోస్ట్ చేశాడు.

నీకు వచ్చింది వట్టి నీళ్ల రుమాలు.

ముందు నవ్వొచ్చింది. తర్వాత నీ ఉత్తరం తీసి మళ్లీ చదివాను. నారింజ తొక్క, ఎండు ద్రాక్ష, ముదురు పాకం, అన్నీ నా మాటలే, నేను నీకు రాసినవే. గ్రీనాక్ రేవూ దాని ఉప్పుగాలీ మాత్రమే నీవి. అప్పుడిక నవ్వు రాలేదు.

నీకు వాసన పోయి ఎన్నాళ్లయింది బాబాయీ? ఆ మూడేళ్లేనా? తాగొద్దన్న డాక్టర్ అసలు ఉన్నాడా?

కోపం లేదు. కొంచెం ఉంది. నాకు చెప్పకపోతే ఇంకెవరికి చెబుతావు?

మధు

పెద వాల్తేరు
జనవరి 13

మధూ,

డాక్టర్ లేడు.

మూడేళ్ల క్రితం మా ఇద్దరికీ జ్వరం వచ్చింది చూడు, అప్పుడు పోయింది. పిన్నికి నెలలో తిరిగొచ్చింది. నాకూ వస్తుందిలే అని చూశాను. రాలేదు. ఒకరోజు అలమారా తీసి ఆ సీసాలోంచి ఒక గుక్క తాగాను. వట్టి మంట. ఇన్నేళ్లు నాతో ఉన్నది నన్ను గుర్తుపట్టనట్టు వెళ్లిపోయింది. మిగిలింది సింకులో పారబోసి, డాక్టర్ వద్దన్నాడని నాకు నేనే చెప్పుకున్నాను. చెవులు ముందే పోయాయి. ముక్కు కూడా పోయిందంటే ఇంట్లో నన్ను గాజుబొమ్మలా చూసుకుంటారని పిన్నికీ చెప్పలేదు. కూర ఎలా ఉందంటే బాగుందంటాను. అంతటితో సరిపోతోంది.

ఇంతలో నీ ఉత్తరం వచ్చింది. నా ముక్కు నీకు దొరికినంత సంబరపడ్డాను. నీకు రాసిన చిట్కాలన్నీ నాకు గుర్తున్నవే, కానీ నామీద ఒక్కటీ ప్రయత్నించలేదు. ఈ వయసులో ఇంకేం వస్తుందిలే అనుకున్నాను. నేర్పేవాడికే ముక్కు లేదని తెలిస్తే నీ ధైర్యం పోతుందని భయపడ్డాను. అందుకే డబ్బా తెరిచి ఏమీ రాకపోతే, తప్పు నా ముక్కుదే అనుకుని నీ ఉత్తరం పక్కన పెట్టుకుని రాసేశాను. వంశీ నాకు నీళ్లు పోస్ట్ చేస్తాడని కలగన్నానా!

పిన్నికి చెప్పకు.

బాబాయి

ఆల్థాన్, సూరత్
జనవరి 20

బాబాయీ,

చెప్పను. నువ్వే చెబుతావు. ఎందుకంటే ఈ పార్సిల్‌లో రెండు డబ్బాలున్నాయి, వాటిని తారుమారు చెయ్యడానికి నీకో మనిషి కావాలి. ఈసారి నేనే స్వయంగా వాసన చూసి, నేనే పోస్ట్ చేశాను. వంశీని ఆ చుట్టుపక్కలకి రానివ్వలేదు.

రోజూ పొద్దున్న లవంగం, నిమ్మ, కాఫీ, కర్పూరం. సాయంత్రం డబ్బాలు. ముందు పేరు తలుచుకో, వాసన వెనకాల నడిచొస్తుంది. ఈ మాట అన్నదెవరో నీకు గుర్తుందనుకుంటాను. వయసు సాకు చెప్పావంటే ఫోన్ చేసి బాల్కనీలోంచి అరుస్తాను, ఏమవుతుందో అవనీ.

నా ధైర్యం పోలేదు. ముక్కు లేకుండా నా ముక్కు తెప్పించావు. అలాంటి మనిషి తన ముక్కు తెప్పించుకోలేడా?

నీ గురువు

ఆల్థాన్, సూరత్
ఫిబ్రవరి 19

బాబాయీ! పిన్నీ!

గెలిచాను!

మూడు గాజుపాత్రలు పెట్టారు, ఒక్కదాంట్లోనే వాసన. ఏదో చెప్పాలి. ఒక్కో విడతకీ వాసన పలచబడుతుంది. మొదట్లో గబగబా చెప్పేశాను. ఆఖరి విడతలో మూడూ ఒకేలా ఉన్నాయి, వట్టి గాలి. చెమటలు పట్టాయి. ఎదురుగా మేనేజర్ కలం పట్టుకుని చూస్తున్నాడు. అప్పుడు పాత్ర కాస్త దూరంగా జరిపాను, నోరు కొంచెం తెరిచాను, చెడిపోయిన ఉల్లిపాయని మనసులో పేరు పెట్టి పిలిచాను. మధ్య పాత్రలోంచి ఉందా లేదా అన్నట్టు వచ్చింది. "ఇది" అన్నాను. "ఎక్కడ నేర్చుకున్నారు మేడమ్ ఈ పద్ధతి?" అని అడిగాడు. ఒక సీనియర్ ఇంజనీర్ గారు నేర్పారని చెప్పాను. ఏ సబ్జెక్టులో అన్నది చెప్పలేదు.

ఇవాళే మళ్లీ ఫీల్డుకి వెళ్లాను, ముందుగా లింబాయతే. లింగవ్వ గుమ్మంలోనే నిలదీసింది. "నాడు రానంటివి, గిప్పుడెట్ల వచ్చినవమ్మా?" నాకిప్పుడు వాసన వస్తోందని చెప్పాను. "వాసనొచ్చుడు గూడ గొప్పేనా ఏంది!" అని నవ్వి చాయ్ పెట్టింది. గొప్పే లింగవ్వా, అనుకున్నాను. ఆవిడ చాయ్‌లో యాలకులు, అల్లం, అడుగంటిన పాలు, అన్నీ వేర్వేరుగా తెలిశాయి.

నీ సంగతి రాయవేం? నెల దాటింది.

మధు

పెద వాల్తేరు
మార్చి 27

మధూ,

నువ్వు గెలిచినందుకు నేను కాలనీ అంతా మిఠాయి పంచాను. ఎందుకని అడిగినవాళ్లకి "మా అమ్మాయికి గ్యాస్ కంపు వచ్చింది" అని చెప్పాను. ఒక్కరూ ఇంకో ప్రశ్న వెయ్యలేదు.

నా సంగతి రాయడానికి ఏమీ లేక రాయలేదు. పిన్నికి చెప్పేశాను. తను డబ్బాలు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. అప్పట్నుంచి రోజూ తారుమారు చేసి పెడుతోంది, నేను రోజూ తప్పు చెబుతున్నాను. ఒప్పు చెప్పిన రోజు కూడా అది గుడ్డి దెబ్బేనని ఇద్దరికీ తెలుసు. ఇక చాలని రెండుసార్లు మూతలు పెట్టేశాను. తను మళ్లీ తీసింది.

మొన్న మంగళవారం హాల్లో పేపర్ చదువుకుంటున్నాను. విస్కీ లేదు, డబ్బా లేదు, నేను ఏ పేరూ తలుచుకోలేదు. "ఏదో మాడుతోందే" అన్నాను.

అన్న తర్వాత ఏమన్నానో నాకు తెలిసింది.

పొగ ఒక్కటే వచ్చింది మధూ. సన్నగా, ఎక్కడో దూరంగా. తీపి ఇంకా రాలేదు. కానీ పొగ వచ్చింది! మిగతాది పిన్ని రాస్తానంటోంది, కాగితం లాక్కుంటోంది.

మధూ, పిన్నిని. మూడేళ్లుగా మీ బాబాయి నా వంటకి వంక పెట్టలేదు. వయసు మీద పడి మంచివాడయ్యాడని మురిసిపోయి అందరికీ చెప్పుకున్నాను. ఏం పెట్టినా బాగుందనేవాడు. ఆయనకి ఏమీ తెలియక అంటున్నాడని నాకు తట్టనే లేదు. మంగళవారం హాల్లోంచి ఆ మాట వినగానే గరిటె కింద పడేశాను. పప్పు నిజంగానే అడుగంటింది. స్టవ్ కట్టెయ్యాలన్న ధ్యాస కూడా లేదు, వెళ్లి ఆయన ముందు నిలబడ్డాను. "మాడ్చేశావు" అన్నాడు. పెళ్లయ్యాక ఆయన నాతో అంత మంచి మాట ఇంకోటి అనలేదు. ఆ మాడిన పప్పే ఇద్దరం కూర్చుని గిన్నె ఖాళీ చేశాం. చెరో చేత్తో కళ్లు తుడుచుకుంటూ తిన్నాం.

వచ్చే నెల సూరత్ వస్తున్నాం. డామన్‌లో గదులు చూడమని వంశీకి చెప్పు. ఆ అరిష్టం సీసాలో ఏముండేదో నాకు పెళ్లయిన ఏడాదే తెలుసు. అరిష్టం అన్ని నెలలు అయిపోకుండా ఉంటుందా, ఆ మాత్రం తెలియదూ? మోకాళ్లకి రాసుకున్నది కూడా తెలిసే, సీసాలో ఎంత తగ్గిస్తే ఈయన మొహం ఎలా పెడతాడో చూద్దామని. మీ ముగ్గురికీ మూడు గ్లాసులు అనుకుంటున్నావేమో, నాలుగు చెప్పు. పొగ తర్వాత తీపి వస్తుందని మీ బాబాయీ నువ్వూ ఇన్ని కాగితాలు నింపుకున్నారు. ఆయనకి ఈసారీ అది రాకపోతే, ఎలా ఉందో పక్కన కూర్చుని నేను చెబుతాను.